తేలని హత్య కేసుల్లో పేపర్లు, టీవీలు చెప్పే ఆధారాలను ఎంతవరకు నమ్మొచ్చు?

నన్నడిగితే, మొదటి వారంలో వచ్చినవి దాదాపు ఏవీ నమ్మొద్దు. ఇది ఎక్కడో చదివి చెబుతున్న మాట కాదు. 2006లో మేం అద్దెకున్న ఇంట్లోనే ఒక హత్య జరిగింది. ఆ కేసులో మధ్యవర్తిగా, అంటే పోలీసులు రాసే పంచనామాకు సాక్షిగా, సంతకం పెట్టిన ఇద్దరిలో నేనొకణ్ణి. అది ఇప్పటికీ తేలలేదు.

అప్పట్లో సికింద్రాబాద్ వైపు ఒక పాత కాలనీలో అమ్మా నేనూ మేడ మీద పోర్షన్‌లో ఉండేవాళ్లం. కింద ఇంటావిడ ఒక్కరే ఉండేవారు. డెబ్బై దాటిన మనిషి, అందరం మామ్మగారు అనేవాళ్లం. కొడుకు అమెరికాలో. తెల్లవారి ఐదున్నరకు గేటుకు తగిలించిన సంచిలో పాల ప్యాకెట్ పడేది. ఆవిడ కత్తెరతో మూల కత్తిరించి, పాలు కాచి, ఫిల్టర్ కాఫీ కలుపుకుని హాల్లో ఉయ్యాల బల్ల మీద కూర్చుని తాగేవారు. ఒక్కరోజు కూడా ఇది తప్పగా నేను చూడలేదు. ఆ డికాషన్ వాసన మెట్ల మీదుగా పైకి వస్తే అమ్మ నిద్ర లేచేది.

జూలైలో లష్కర్ బోనాల మర్నాడు, సోమవారం. రాత్రంతా డప్పులు, మైకులు. ఎవరు అరిచినా ఎవరికీ వినపడని రాత్రి అది. పొద్దున ఎనిమిదింటికి పనిమనిషి కేకలు విని కిందికి పరిగెత్తాను. మామ్మగారు ఉయ్యాల పక్కన నేల మీద పడి ఉన్నారు. ఆ దృశ్యం గురించి ఇంతకన్నా రాయలేను. రాయాల్సినవి వేరే ఉన్నాయి. ఉయ్యాల బల్ల మీద ఒక స్టీలు గ్లాసు, పక్కన స్టూలు మీద ఇంకో స్టీలు గ్లాసు. రెండింటి అడుగునా కాఫీ చారికలు. వంటింటి గట్టు మీద మూల కత్తిరించిన పాల ప్యాకెట్, స్టవ్ మీద సగం పాలున్న గిన్నె.

దాని అర్థం ఏమిటి? పాల ప్యాకెట్ వచ్చేవరకు ఆవిడ బతికే ఉన్నారు. పాలు కాచారు. ఎవరికో కాఫీ ఇచ్చారు. ఆ ఎవరో ఆవిడకు బాగా తెలిసినవాళ్లు, ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చునేంత చనువున్నవాళ్లు. ఈ విషయంలో నాకు ఆ రోజూ అనుమానం లేదు, ఈ రోజూ లేదు.

స్టేషన్ సిబ్బంది అంతా బోనాల బందోబస్తులో ఉన్నారు. సోమవారం భవిష్యవాణి చెప్పే రంగం, ఏనుగు మీద ఘటం ఊరేగింపు. తొమ్మిదిన్నరకు ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారు. ఆలోగా కాలనీలో సగం మంది చెప్పులతోనే హాల్లోకి వచ్చి చూసి వెళ్లారు. ఆ కానిస్టేబుళ్లను నేను తప్పుపట్టను. రాత్రంతా నిలబడే ఉన్నారు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఒకాయన గోడకు ఆనుకుని, "అమ్మా, కొంచెం మంచినీళ్లు ఇయ్యండి" అన్నాడు. పక్కింటి పిన్నిగారు ఏడుస్తూనే స్టూలు మీది గ్లాసు తీసుకెళ్లి, నల్లా కింద కడిగి, బిందెలో నీళ్లు ముంచి తెచ్చిచ్చారు. ఆయన ఎత్తి పట్టుకుని గటగటా తాగాడు. గ్లాసు తీసుకెళ్లి గిన్నెల స్టాండులో బోర్లించారు. ఇదంతా ఒక్క నిమిషం. ఎవరి మనసులోనూ చెడు లేదు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరిచేలోపే అయిపోయింది.

పదిన్నరకు ఎస్సైగారు వచ్చారు. మధ్యవర్తులు కావాలన్నారు. సందు మొదట్లో ఇస్త్రీ బండి పెట్టే ఆయన్ని ఒకరిగా పిలిచారు. నన్ను చూసి, "ఏం బాబూ, చదువుకున్నావా? ఇట్రా" అన్నారు. ఆయన చెబుతుంటే హెడ్ కానిస్టేబుల్ కాగితాల మధ్య కార్బన్ పెట్టి రాస్తున్నాడు. "స్టీలు గ్లాసు ఒకటి" అని రాస్తుంటే ఆపాను.

"సార్, రెండు గ్లాసులున్నాయి."

"రెండోది ఏది?"

స్టాండు చూపించాను.

"అది కడిగి బోర్లించిన గ్లాసు కదయ్యా. ఇక్కడ ఇప్పుడు ఏముందో అదే రాయాలి."

పాల ప్యాకెట్ సంగతి కూడా చెప్పాను. విన్నారు. కాగితంలో మాత్రం "వంటగదిలోని వస్తువులు యథాస్థితిలో ఉన్నవి" అని ఒక్క ముక్క పడింది. ఆ ప్యాకెట్ మీద తేదీ అచ్చయి ఉంటుంది. మామ్మగారు ఎప్పటిదాకా ప్రాణాలతో ఉన్నారో చెప్పే వస్తువు ఇంట్లో అదొక్కటే. సాయంత్రానికి అది చెత్తబుట్టలోకి, అక్కణ్ణుంచి మున్సిపాలిటీ బండిలోకి పోయింది. నేను సంతకం పెట్టాను. ఇరవై నాలుగేళ్ల వయసులో, పోలీసుల మధ్య కూర్చుని, సంతకం పెట్టనని అనే ధైర్యం నాకు లేకపోయింది.

మధ్యాహ్నం పన్నెండు దాటాక ఆధారాలు సేకరించే క్లూస్ టీమ్, డాగ్ స్క్వాడ్ వచ్చాయి. కుక్క హాలంతా వాసన చూసి, గేటు దాటి, సందు మొదట్లో ఇస్త్రీ బండి దగ్గర ఆగింది. ఆగదా మరి? ఆ ఇస్త్రీ ఆయన అప్పటికి గంటన్నర మామ్మగారి హాల్లో కూర్చుని, నాతోపాటు సంతకం పెట్టి వెళ్లినవాడు! కుక్క దాని పని అది సరిగ్గానే చేసింది. కానీ మర్నాడు పేపర్లో "ఇస్త్రీ బండి వద్ద ఆగిన జాగిలం" అని వచ్చింది. ఆయన మధ్యవర్తి అన్న మాట వార్తలో ఎక్కడా లేదు. ఆయన ఇరవై ఏళ్లుగా ఆ సందులో బట్టలు ఇస్త్రీ చేస్తున్నాడు. నెల తిరిగేసరికి సగం ఇళ్లు బట్టలు ఇవ్వడం మానేశాయి. దసరా కాకముందే బండి తీసేసి వెళ్లిపోయాడు.

అదే వార్తలో ఇంకా ఏమున్నాయో చెబుతాను. "అర్ధరాత్రి దొంగల ఘాతుకం." మరి పాల ప్యాకెట్? "30 తులాల బంగారం అపహరణ." మామ్మగారు ఇంట్లో పెట్టుకునేవి రోల్డ్ గోల్డ్ గాజులు. అసలు బంగారం బ్యాంకు లాకర్లో భద్రంగా ఉందని గురువారం వచ్చిన కొడుకే చెప్పాడు. "బీరువా పగలగొట్టి." బీరువాకు గీత కూడా పడలేదు, తాళంచెవి దానికే ఉంది. ఇవన్నీ రాసిన విలేకరి మా ఇంటి గుమ్మం తొక్కలేదు. తొక్కి ఉంటే నేనే చెప్పేవాణ్ణి, రోజంతా అక్కడే ఉన్నాను కదా.

మూడో రోజు హెడ్డింగ్: "పాలబ్బాయే హంతకుడు?" చివర్లో ఆ ప్రశ్న గుర్తు చూశారా? అది పెట్టి ఏమైనా రాయొచ్చని మన పేపర్ల నమ్మకం. రెండో కవచం "తెలిసింది". "నేరం అంగీకరించినట్లు తెలిసింది." ఎవరికి తెలిసింది, ఎవరు చెప్పారు? పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో నేరానికి రుజువుగా చెల్లదని 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం 25వ సెక్షన్‌లోనే ఉండేది. 2024లో దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టంలోనూ అదే ఉంది. ఆ మాటల్ని బట్టి ఏదైనా వస్తువు దొరికితే, దానికి సంబంధించినంత వరకే పనికొస్తాయి. ఇది తెలియని క్రైమ్ విలేకరి ఉండడు. తెలిసీ అలా రాస్తారు.

ఆ అబ్బాయికి అప్పుడు పంతొమ్మిదేళ్లు. బోనాలకని శనివారమే భువనగిరిలో అక్క ఇంటికి పోయాడు. ఆ రెండు రోజులూ ప్యాకెట్లు వేసింది వాళ్ల డీలర్ పంపిన ఇంకో కుర్రాడు. ఈ సంగతి తేలడానికి ఐదు రోజులు పట్టింది. ఆ ఐదు రోజులూ అతన్ని ఎక్కడ ఉంచారో పోలీసులు ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలని రాజ్యాంగమే చెబుతోంది. దాని గురించి ఒక్క పేపరూ అడగలేదు. వదిలేసిన వార్త కూడా వేయలేదు. వచ్చాక కాలనీలో నాకు కనపడి, "అన్నా, నేను ఎట్లాంటోణ్ణో నీకు తెల్వదా?" అన్నాడు. నడవలేకపోతున్నాడు.

దీన్ని మించింది మా ఇంట్లోనే జరిగింది. సోమవారం పోలీసులు అడిగినప్పుడు అమ్మ, "నేను ఎవర్నీ చూడలేదు బాబూ, తలనొప్పిగా ఉండి ఆలస్యంగా లేచాను" అని చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. బుధవారం పేపర్లో పాలబ్బాయి గురించి వచ్చింది. గురువారం పక్కింటి పిన్నిగారితో, "అవునొదినా, పొద్దున్నే గేటు దగ్గర కనిపించాడు" అంటోంది. మా అమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. తను నిజంగా చూశాననే అనుకుంది. పేపర్ చదివాక ఆమె మనసులో ఆ బొమ్మ తయారైంది. నేనెంత వాదించినా, "నువ్వు నిద్రపోతున్నావురా, నీకేం తెలుసు" అనేది. కోర్టులో నిలబెట్టినా అదే చెప్పేది, ప్రమాణం చేసి మరీ చెప్పేది. పేపర్లు, టీవీలు చేసే చెరుపు ఇదీ. తప్పు వార్త రాయడం ఒక ఎత్తు, అది సాక్షుల జ్ఞాపకంలోకి ఎక్కడం ఇంకో ఎత్తు. దాన్ని ఏ ల్యాబూ వేరు చేయలేదు.

ఇదేదో మా కాలనీకే జరిగిందనుకోకండి. 2008 మే నెలలో నోయిడా జంట హత్యలు చూడండి. మొదటి రోజు ఇంట్లో పనిచేసే మనిషే ఆ ఇంటి అమ్మాయిని చంపి పారిపోయాడని అంతా తేల్చేశారు. మర్నాడు అతని శవం అదే ఇంటి డాబా మీద దొరికింది. ముందు రోజు డాబా తలుపు తాళం తీయించినవాళ్లు లేరు. ఆ కేసులో మన హైదరాబాద్ డీఎన్‌ఏ ల్యాబ్ సీడీఎఫ్‌డీ 2008లో ఇచ్చిన నివేదికలో ఒక దిండు గలీబు గురించి రాసింది. 2011లో, రెండు గలీబుల వివరాలు తారుమారయ్యాయి, టైపింగ్ పొరపాటు అంది. ఆ గలీబు ఎవరి గదిదన్న దాని మీద ఒక మనిషి నేరస్థుడా కాదా అన్నది ఆధారపడి ఉంది! 2013లో తల్లిదండ్రులకు యావజ్జీవం పడింది. 2017 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు కొట్టేసింది. మరి ఎవరు చంపారు? జవాబు లేదు. ఈ తొమ్మిదేళ్లూ టీవీల్లో గ్రాఫిక్స్ గీసి ఎవరెక్కడ నిలబడి ఎలా కొట్టారో చూపించినవాళ్లు మాత్రం ఏ రోజూ తడబడలేదు.

మన దగ్గర విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం హాస్టల్ కేసు ఇంకా ఘోరం. 2007 డిసెంబరులో ఫార్మసీ చదివే అమ్మాయిని చంపారు. 2008లో ఒక కుర్రాణ్ణి పట్టుకున్నారు, 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న, ఇక్కడ హైదరాబాద్‌లోనే ఉన్న ఉమ్మడి హైకోర్టు అతను నిర్దోషి అని వదిలేసింది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. మళ్లీ దర్యాప్తు మొదలుపెడదామని చూస్తే, విజయవాడ కోర్టులో ఉండాల్సిన వస్తువులు ధ్వంసమైపోయాయని బయటపడింది. చివరికి 2019లో సీబీఐవాళ్లు తెనాలిలో సమాధి తవ్వి ఎముకలు పరీక్షకు తీసుకోవాల్సి వచ్చింది. ఆ తల్లి పన్నెండేళ్ల తర్వాత అది కూడా చూసింది.

2024 జూలై 1 నుంచి, దర్యాప్తు ఎలా జరగాలో చెప్పే ఇంకో కొత్త చట్టంలో సోదాలు, స్వాధీనాలు వీడియో తీయాలని పెట్టారు. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు స్థలానికి వచ్చి తీరాలన్నారు, రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చి. మంచిదే, నేను మనస్ఫూర్తిగా సంతోషించాను. కానీ ఆ నిపుణులు వచ్చేలోపు గ్లాసు కడిగేస్తే వీడియోలో కనిపించేది కడిగిన గ్లాసే. ఇప్పుడు పోలీసులకన్నా ముందు ఫోన్లు పట్టుకుని యూట్యూబ్ ఛానెళ్లవాళ్లు లోపలికి దూరుతున్నారు. వాట్సాప్ గ్రూపుల్లో శవం ఫోటో తిరుగుతుంది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సీసీ కెమెరా ఉంటుంది, తీరా చూస్తే అది పాడై ఆరు నెలలు.

2009లో మనసు ఊరుకోక మళ్లీ స్టేషన్‌కు వెళ్లాను. ఎస్సైగారు మారిపోయారు. కొత్తాయన మర్యాదగానే మాట్లాడాడు, ఫైలు తెప్పించాడు. అన్‌డిటెక్టెడ్, అంటే హంతకుడు దొరకలేదని, మూసేశారట. రెండో గ్లాసు గురించి, పాల ప్యాకెట్ గురించి మొదటినుంచీ చెప్పాను. అంతా విని కాగితం నావైపు తిప్పి, "ఈ సంతకం మీదేనా?" అన్నాడు. అవునన్నాను. "ఇందులో ఒకటే గ్లాసు ఉంది కదండీ" అన్నాడు.

మామ్మగారి ఇల్లు కొడుకు అమ్మేశాడు. అక్కడ ఇప్పుడు ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంది. మేం ఉప్పల్ వైపు వచ్చేశాం. ఆ పాలబ్బాయి కష్టపడి చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. పోయిన ఏడాది కూతురి ఓణీల ఫంక్షన్‌కు పిలవడానికి భార్యతో కలిసి మా ఇంటికి వచ్చాడు. అమ్మ కూర్చోబెట్టి టీ ఇచ్చింది, అతని భార్యకు బొట్టు పెట్టి జాకెట్ ముక్క చేతిలో పెట్టింది. వాళ్లు వెళ్లాక తలుపు గడియ వేసి, నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అంది:

"ఏమో నాయనా, ఆ రోజు గేటు దగ్గర నేను చూసింది ఇతన్నే."