72 గేములు కొన్నాను, ఇంకో 11 కొనవచ్చా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. విజయవాడ పటమటలో అమ్మానాన్నలతో ఉంటాను. ఆటోనగర్‌లో లారీ విడిభాగాల వ్యాపారి దగ్గర అకౌంట్స్ చూస్తాను. జీతం చేతికి 32,000 వస్తుంది. ఇంట్లో 10,000 ఇస్తాను, బండి వాయిదా 3,400, ఎనిమిది నెలలుగా రికరింగ్ డిపాజిట్‌లో 5,000 వేస్తున్నాను. నాకున్న ఒకే ఒక్క సరదా కంప్యూటర్ గేములు. వారానికి అయిదు గంటలు ఆడతానేమో. సేల్ ఉన్నప్పుడే కొంటాను, పూర్తి ధర పెట్టి ఒక్కటీ కొనలేదు. నాలుగేళ్లలో 72 గేములకు 36,000 అయింది. తెరిచినవి 18, పూర్తి చేసినవి 6. ఇప్పుడు స్టీమ్ (కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) సేల్‌లో నా విష్‌లిస్టులోని 11 గేములు 50 నుంచి 85 శాతం తక్కువకు వస్తున్నాయి. అన్నీ కలిపి 5,200. క్రెడిట్ కార్డులో 18,000 బాకీ ఉంది (నెలనెలా కనీస మొత్తం కడుతున్నాను). మొన్న ఆదివారం 899 పెట్టి ఒకటి కొన్నాను, ఇంకా తెరవలేదు. జాబితా జత చేశాను. నా కంప్యూటర్‌లో 8 జీబీ ర్యామ్, 256 జీబీ డ్రైవు ఉన్నాయి. ఈ పదకొండులో ఏవి కొనమంటారు? ఆ డబ్బుతో వెండి కొన్నా మిగిలేదని నాన్న అంటున్నారు.

జవాబు: పూర్తి ధర పెట్టి ఒక్కటీ కొనలేదని రాశారు. పద్దులు చూసే ఉద్యోగం కాబట్టి మీ పద్దునే మీ ముందు పెడతాను. 72 గేములకు 36,000 అంటే ఒక్కోటి 500 పడింది. వినడానికి బాగుంది. అయితే మీరు తెరిచినవి 18 మాత్రమే. తెరవని 54 మీకు ఒక్క సాయంత్రాన్ని కూడా ఇవ్వలేదు. కొట్లో తుప్పు పట్టిన సరుకు ఖరీదును అమ్ముడైన సరుకు మీదే కదా వేస్తారు. అలా వేస్తే మీరు ఆడిన ఒక్కో గేము ధర 2,000. డిస్కౌంటు ఏదీ లేకుండా మంచి గేము కొనడానికి చాలాసార్లు ఆ డబ్బు సరిపోతుంది. అంటే నాలుగేళ్లుగా మీరు కడుతున్నది పూర్తి ధరే. బిల్లు వాయిదాల్లో వస్తోంది కాబట్టి కనిపించలేదు.

ఆరే పూర్తి చేశానన్న బెంగ మాత్రం వద్దు. ఎనిమిది గంటలు ఆడి విసుగు పుట్టి వదిలేసినా ఆ ఎనిమిది గంటలు దక్కినట్టే. నేను లెక్కలోకి తీసుకుంటున్నది అసలు తెరవని వాటినే.

ఈ జబ్బు మీ ఒక్కరిది కాదు. ప్రతి జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లి, పది శాతం తగ్గింపు అనగానే రెండు సంచులు నింపుకుని వస్తాను. అందులో అట్ట కూడా తిప్పని పుస్తకాలు నా అలమరలో ఎన్ని ఉన్నాయో మా ఇంట్లో వాళ్లు లెక్కపెట్టి మరీ చెబుతారు. కాబట్టి ఇది పాపం లేనివాడు ఇస్తున్న సలహా అనుకోకండి.

సేల్ అంటే ఏమిటో బెజవాడ వాళ్లకు ఒకరు చెప్పాలా? ఆషాఢంలో బీసెంట్ రోడ్డు మీద నడిచినవారికి అన్నీ తెలుసు. 2025లో స్టీమ్ వేసవి సేల్ జూన్ 26న మొదలైంది. ఆషాఢ మాసం వచ్చిందీ ఆ రోజే. స్టీమ్ నడిపే వాల్వ్ సంస్థ అమెరికాలోని బెల్లెవ్యూలో ఉంటుంది, వాళ్లు పంచాంగం చూసి ముహూర్తం పెట్టి ఉండరు. కానీ ఈ రెండు సేళ్లూ లోపల ఒకటి కావు. పెళ్లిళ్లు లేని నెలలో బేరాలు ఉండవు, సరుకు పేరుకుంటుంది, దాన్ని కదిలించడానికి బట్టల కొట్టువారు ధర దించుతారు. మీరు మెచ్చిన చీర రేపటికి ఉండకపోవచ్చు, ఆ రంగు అయిపోవచ్చు. తొందరపడటానికి అక్కడ ఒక కారణం ఉంది. గేముకు నిల్వ లేదు. లక్ష మందికి అమ్మినా లక్షా ఒకటో వాడికి కాపీ ఉంటుంది, అది తయారు చేయడానికి దాదాపు ఖర్చే ఉండదు. ఎక్కువ పెట్టగలిగినవారు మొదట్లోనే కొనేస్తారు, మిగిలినవారి కోసం ధరను మెట్టు మెట్టుగా దించుతారు. అందుకే ఒకసారి 75 శాతానికి దిగిన గేము మళ్లీ ఆ ధరకు రావడం మామూలు. స్టీమ్‌డీబీ, ఈజ్‌దేర్‌ఎనీడీల్ లాంటి సైట్లలో ఏ గేము ఎప్పుడు ఎంతకు వచ్చిందో చరిత్ర అంతా ఉంటుంది. విష్‌లిస్టులోని ప్రతి పేరునూ అక్కడ ఒకసారి వెతకండి. ఇప్పుడు జీవితంలో ఒక్కసారి దొరికే బేరంలా కనిపిస్తున్నది నిరుడు ఎన్నిసార్లు వచ్చి పోయిందో తెలుస్తుంది.

పైగా స్టీమ్‌లో పెద్ద సేళ్లు ఏటా నాలుగు, వాటి తేదీలు ముందే చెబుతారు. కొన్ని గంటలు మాత్రమే ఉండే మెరుపు తగ్గింపులు ఒకప్పుడు ఉండేవి. 2015 తర్వాత పెద్ద సేళ్లలో వాటిని ఎత్తేశారు. సేల్ మొదటి రోజు ధరే చివరి రోజు దాకా ఉంటుంది. అర్ధరాత్రి లేచి కూర్చుని కొనవలసిన అవసరం లేదు.

గుంటూరులో మిర్చి రైతు ధర పెరుగుతుందన్న ఆశతో టిక్కీలను కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. అద్దె కడతాడు, ఉన్న ధర కూడా పడిపోతుందేమోనని నిద్రపోడు. మీది అటు తిప్పిన వ్యవహారం. విష్‌లిస్టులో పెట్టి ఊరుకుంటే అద్దె లేదు. రోజులు గడిచేకొద్దీ ధర తగ్గుతుంది, తరచుగా సరుకు బాగుపడుతుంది కూడా. సైబర్‌పంక్ 2077 సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2020 డిసెంబరులో లోపాలతో విడుదలైతే సోనీ తన ప్లేస్టేషన్ స్టోర్ నుంచే కొన్ని నెలలు తీసేసింది. 2023 సెప్టెంబరులో వచ్చిన 2.0 అప్‌డేట్ తర్వాత అది దాదాపు వేరే గేము. విచర్ 3 వచ్చింది 2015లో. రెండు అదనపు భాగాలూ కలిపిన పూర్తి ఎడిషన్ 2016లో వచ్చింది, 2022 డిసెంబరులో బొమ్మలను మెరుగుపరిచే అప్‌డేట్ ఉచితంగా ఇచ్చారు. ఆగినవారికి తక్కువ డబ్బుకు ఎక్కువ దక్కింది. మీరేమో ముందే కొని, మీ లైబ్రరీనే కోల్డ్ స్టోరేజీగా మార్చారు.

ఇక సమయం. వారానికి అయిదు గంటలంటే ఏడాదికి 260 దాటవు. విచర్ 3లో అసలు కథ ఒక్కటే యాభై గంటల పని, అన్నీ తిరిగి చూడాలంటే నూరు దాటుతుంది. తెరవని 54కూ తలా పదిహేను గంటలు అనుకున్నా 810 గంటలు. ఈ రోజు నుంచి ఒక్కటీ కొనకపోయినా మూడేళ్లకు పైగా సరిపడా ఇంట్లోనే ఉంది. ఏ గేముకు ఎన్ని గంటలు పడుతుందో హౌలాంగ్‌టుబీట్ సైట్ చెబుతుంది. ధర చూసే ముందు అది చూడండి. అలాగని ‘గంటకు ఎంత పడింది’ అన్న లెక్కను నెత్తిన పెట్టుకోకండి. సాగదీసిన నూరు గంటల గేము కన్నా నాలుగు గంటల్లో ముగిసే మంచి గేము నయం.

మీ జాబితాలోకి వెళ్తాను. ముందు సైబర్‌పంక్ కొట్టేయండి. దానికి కనీసం 12 జీబీ ర్యామ్ కావాలి, మీ సిస్టంలో 8 ఉందని రాశారు. గేము కోసం ర్యామ్, ర్యామ్ అయ్యాక గ్రాఫిక్స్ కార్డు, ఆ దారి ఎక్కడ ఆగుతుందో నా దగ్గరకు వచ్చే చాలా మందిని చూసి చెబుతున్నాను. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2కు 150 జీబీ స్థలం కావాలి. మీ డ్రైవు 256. సగానికి పైగా దానికే పోతుంది, అది కూడా విచర్ లాగే నెలల తరబడి సాగే గేము. రెండూ ఒకేసారి పెట్టుకోకండి. మూడు గేములు రెండో భాగాలు. వాటి మొదటి భాగాలు మీ తెరవని 54లోనే పడి ఉన్నాయి! ఇంకొకటి మీరు ఇంతవరకు తెరవని గేముకు అదనపు భాగం. ఈ నాలుగింటి గురించి మాట్లాడవలసింది ఏమీ లేదు. డీలక్స్ ఎడిషన్ అని రాసినదాన్ని కూడా వదిలేయండి. కొత్త గేముకు సగం ధరే పెద్ద తగ్గింపు అనిపిస్తుంది కానీ, అన్ని భాగాలూ కలిపిన ఎడిషన్ సాధారణంగా తర్వాత వస్తుంది.

ఎప్పుడూ ఆన్‌లైన్‌లో ఉండి ఆడవలసినవి రెండు ఉన్నాయి. వీటి విషయంలో ధర కన్నా ఆయుష్షు చూడాలి. యూబీసాఫ్ట్ 2014లో విడుదల చేసిన ద క్రూ అనే కార్ల గేము సర్వర్లను 2024 మార్చి 31న మూసేశారు. ఒంటరిగా ఆడదామన్నా దానికి సర్వర్ కావాలి కాబట్టి డబ్బు పెట్టి కొన్నవారికి కూడా ఏమీ మిగల్లేదు. ఎనభై అయిదు శాతం తగ్గించి అమ్ముతున్న ఆన్‌లైన్ గేములో ఇప్పుడు ఎంతమంది ఆడుతున్నారో స్టీమ్‌డీబీలో చూశాకే చెయ్యి వేయండి.

మిగిలినవి విచర్ 3, స్టార్‌డ్యూ వ్యాలీ. నన్ను అడిగితే ఇప్పుడు స్టార్‌డ్యూ ఒక్కటి తీసుకోండి. మీ సిస్టం దాన్ని అవలీలగా లాగుతుంది. ఒక్క మనిషి ఏళ్ల తరబడి కూర్చుని చేసి 2016లో విడుదల చేసిన వ్యవసాయం గేము అది. 2024లో వచ్చిన పెద్ద అప్‌డేట్‌కు కూడా పైసా తీసుకోలేదు. కౌలు కట్టనక్కర్లేదు, నల్ల తామర పురుగు రాదు, యార్డులో ధర పడిపోదు. మన వైపు రైతులు చూస్తే అసూయపడే సేద్యం. విచర్‌ను మార్చిలో వచ్చే సేల్ దాకా ఆపండి. అప్పటికీ ఆడాలనే ఉంటే కొనండి. ఆ రోజు రాత్రే డౌన్‌లోడ్ పెట్టాలన్నది నా షరతు. ‘ఎప్పుడో ఒకప్పుడు ఆడతాను’ అనుకునే గేమును ఆ ఎప్పుడో వచ్చాకే కొనండి.

ఎపిక్ గేమ్స్ స్టోర్ 2018 డిసెంబరు నుంచి ఉచితంగా గేములు ఇస్తోంది, ఇప్పుడు వారం వారం ఇస్తోంది. తీసుకోండి, డబ్బు పోదు. కాకపోతే అవి కూడా ఆ 260 గంటల్లోనే సర్దుకోవాలి.

నాన్నగారి మాటకు వస్తాను. గేము ఆస్తి కాదన్న వరకు ఆయన మాట నిజం. తిరిగి అమ్మలేరు, స్టీమ్ ఖాతాను ఇంకొకరికి బదలాయించే వీలు ఒప్పందంలో లేదు. కొంటున్నది లైసెన్సు మాత్రమేనని 2024 నుంచి డబ్బు కట్టే ముందు వచ్చే కార్ట్ పేజీలోనే రాస్తున్నారు. అయితే సినిమా టికెట్టూ ఆస్తి కాదు, బాబాయి హోటల్లో ఇడ్లీ తిన్నదీ ఆస్తి కాదు. సరదా ఖర్చును వెండితో తూచకూడదు. ఆయన తూచవలసింది వేరే ఉంది, అది మీరు బ్రాకెట్లలో దాచిన 18,000.

మీ జాబులో నన్ను కంగారు పెట్టింది ఆ బ్రాకెట్లే. కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం అనుకుంటే 18,000 మీద 630, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 743. ఏదీ డౌన్‌లోడ్ చేయకుండానే నెలకు ఒకటిన్నర గేము డబ్బు పోతోంది. కనీస మొత్తం మాత్రమే కడుతున్నంత కాలం కొత్తగా గీకినదానికి వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఈ 5,200 కూడా కార్డు మీద వేసి ఏడాది ఉంచితే, చక్రవడ్డీ వదిలేసి లెక్కించినా వడ్డీ, పన్ను కలిపి దాదాపు 2,600 అవుతుంది. పెట్టిన ధరలో సగం మళ్లీ బ్యాంకుకు కట్టినట్టే. మరోపక్క రికరింగ్ డిపాజిట్‌లో 40,000 ఉన్నాయి. ఆరున్నర శాతం వేసుకున్నా నెలకు 217 రూపాయలు రావు. 217 కోసం 743 కడుతున్న వ్యాపారిని మీ ఆటోనగర్‌లో ఎవరైనా మెచ్చుకుంటారా?

డిపాజిట్ మూసేయండి. ముందుగా తీసుకున్నందుకు వడ్డీ కొంత కోస్తారు, కోయనివ్వండి. 18,000 కార్డుకు కట్టి, మిగిలిన 22,000ను అత్యవసరానికి విడిగా ఉంచండి. నెల వాయిదా అయిదు వేలతో కొత్త డిపాజిట్ మళ్లీ మొదలుపెట్టవచ్చు. గేముల కోసం నెలకు 500 వేరే ఖాతాలో వేసి, అక్కడి నుంచి యూపీఐతోనే కొనండి. ఇప్పటిదాకా ఏడాదికి 9,000 పెట్టారు, ఇక 6,000 అవుతుంది. ఒక నెల కొనకపోతే ఆ 500 మురిగిపోదు, పై నెలకు చేరుతుంది. స్టీమ్ ఖాతాలో దాచిపెట్టిన కార్డు నంబరును ఈ రాత్రే తీసేయండి.

ఆదివారం కొన్న 899 గేము సంగతి ఒకటి ఉంది. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం రెండు గంటలు దాటకపోతే రీఫండ్ అడగవచ్చు, కారణం ఏదైనా పరవాలేదు. మీరు ఇంకా తెరవనే లేదు, గడువూ ఉంది. ఈ వారంలో ఆడతారా? ఆడరనుకుంటే ఇప్పుడే అడగండి. డబ్బు ఎక్కడికి పంపాలని అడిగినప్పుడు రెండు దారులు చూపిస్తుంది. స్టీమ్ వాలెట్ నొక్కకండి, అక్కడ పడితే మళ్లీ గేములకే పోతుంది. కార్డుకు వెనక్కి పంపమనండి, బాకీ 17,101కి దిగుతుంది.