నీవా నదిలోకి మురుగు: కేసు ఎవరి మీద, ఎక్కడ?

ప్రశ్న: మాది చిత్తూరు. నీవా ఒడ్డుకు రెండు వీధుల అవతల ఉంటాం. కార్పొరేషన్ కాలువలు ఏట్లోనే కలుస్తున్నాయి. రాత్రిపూట వంతెన మీద నుంచి కోళ్ల వ్యర్థాలు మూటలు కట్టి పడేస్తున్నారు. ఈమధ్య ఒకాయన గట్టున మట్టి తోలి చదును చేస్తున్నాడు. పదేళ్లుగా కార్పొరేషన్‌కు అర్జీలు ఇస్తూనే ఉన్నాం. కోర్టుకు పోవచ్చా? లక్షలు అవుతాయంటున్నారు, నిజమేనా?

జవాబు: పోవచ్చు. లక్షలేమీ కావు. కాకపోతే మీరు మూడు తగవులను ఒకే అర్జీలో కలిపేస్తున్నారు.

కోళ్ల వ్యర్థాలది చిన్న గొడవ. మున్సిపల్ ఆరోగ్య విభాగం నాలుగు జరిమానాలు వేస్తే ఆగుతుంది. మట్టి తోలడం రెవెన్యూ వ్యవహారం. ఆ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ (కొలతల పటం), అడంగల్ (రెవెన్యూ భూమి లెక్క) నకళ్లు తీసుకోండి. ఏరు పోరంబోకు, అంటే ఏటికి చెందిన ప్రభుత్వ భూమి అని ఉంటే 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద నోటీసిచ్చి ఖాళీ చేయించే అధికారం తహసీల్దారుకు ఉంది. సర్వేయరు హద్దు చూపించేదాకా మాత్రం మట్టి తోలే ఆయన పేరు పెట్టి ఆక్రమణదారు అని ఎక్కడా రాయకండి. పరువునష్టం కేసు మీ మెడకు చుట్టుకుంటుంది.

అసలు జబ్బు మురుగు. దాన్ని వదిలేది కార్పొరేషనే అయినప్పుడు దానికే అర్జీలు ఇస్తూ కూర్చుంటే ఇంకో పదేళ్లయినా ఇంతే. 1974 నాటి జల కాలుష్య చట్టం 25వ సెక్షన్ ప్రకారం ఏట్లోకి మురుగు వదలాలంటే కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కావాలి. స్థానిక సంస్థలకూ మినహాయింపు లేదు. 33ఎ సెక్షన్ కింద వాటికి ఆదేశాలిచ్చే అధికారం మండలికి ఉంది. మండలి ప్రాంతీయ కార్యాలయం తిరుపతిలో ఉంది. కాలువ ఏట్లో కలిసే చోటు ఫొటో, తేదీ, దగ్గరి గుర్తు రాసి అక్కడికి రిజిస్టర్డ్ పోస్టులో ఫిర్యాదు పంపండి. దాంతోపాటు పది రూపాయల ఫీజుతో కార్పొరేషన్‌కు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి: రోజుకు ఎంత మురుగు వస్తోంది, ఎంత శుద్ధి చేస్తున్నారు, మండలి అనుమతి పత్రం నకలు ఏది? జవాబుకు గడువు 30 రోజులు.

సీసాలో నీళ్లు పట్టుకుని ప్రైవేటు ల్యాబుకు పరుగెత్తకండి. ఆ రిపోర్టు మండలిని కదిలించడానికి పనికొస్తుందేమో గానీ, ప్రాసిక్యూషన్‌లో (క్రిమినల్ కేసులో) నిలబడదు. అదే జల కాలుష్య చట్టం 21వ సెక్షన్ పద్ధతి వేరు. మండలి అధికారి నోటీసిచ్చి, అవతలి వాళ్ల ఎదుట నమూనా తీసి, రెండు భాగాలు చేసి, సీలు వేసి, ఇద్దరి సంతకాలు పెట్టించాలి. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల నీళ్లు కూడా కలుస్తున్నాయని అనుమానముంటే (మన జిల్లాలో అదేం వింత అనుమానం కాదు) సీజన్ నడుస్తుండగానే నమూనా తీయమని అడగండి. దసరాకు తీస్తే ఏం దొరుకుతుంది?

మండలి కదలకపోతే, పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి చెన్నైలో ఉంది. మనకు విజయవాడ కంటే అదే దగ్గర. నష్టపరిహారం అడగకపోతే ఫీజు వెయ్యి రూపాయలు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. మామూలుగా ట్రిబ్యునల్ ఒక సంయుక్త కమిటీని వేసి చోటు చూసి రమ్మంటుంది.

చిక్కల్లా మీ ‘పదేళ్లుగా’ దగ్గరే. 2010 నాటి ట్రిబ్యునల్ చట్టంలో పర్యావరణ వివాదం తేల్చమని అడిగే 14వ సెక్షన్‌కు ఆరు నెలలు, నదిని బాగుచేయించమని అడిగే 15వ సెక్షన్‌కు ఐదేళ్లు గడువు. అదీ కేసుకు కారణం మొదట పుట్టిన రోజు నుంచి లెక్క. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇస్తారు, అంతకు మించి లేదు. కాలుష్యం రోజూ జరుగుతూనే ఉందన్న వాదన ఉంది గానీ, దాని ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. పాత సంగతి దాచకుండానే, కొత్తగా కలిపిన కాలువను, (ఖాళీ చేయించడం తహసీల్దారు పనే అయినా) ఈమధ్య తోలిన మట్టిని తేదీలతో ముందు పెట్టండి. అభ్యర్థన 15వ సెక్షన్ కింద కూడా చేయండి.

కార్పొరేషన్ వాళ్లు నిధులు లేవంటారు, తప్పకుండా అంటారు. మధ్యప్రదేశ్‌లోని రత్లాం మున్సిపాలిటీ మురుగు కేసులో 1980లోనే సుప్రీంకోర్టు ఆ సాకును ఒప్పుకోలేదు. ఆ తీర్పు నకలు పిటిషన్‌కు జత చేయండి.

సంతకం పెట్టేముందు మీ ఇంటి సెప్టిక్ ట్యాంకు పైపు ఏ కాలువలో కలుస్తోందో చూసుకోండి. అవతలి వకీలు అడిగే మొదటి ప్రశ్న అదే.