ఒరాకిల్ నేర్చుకోవడానికి విండోస్ చాలదా, లైనక్స్ తప్పదా?

నువ్వు అడిగింది ఇదీ: అనంతపురంలో ఒరాకిల్ డీబీఏ (డేటాబేస్‌ను చూసుకునే అడ్మినిస్ట్రేటర్) కోర్సులో చేరావు, ల్యాప్‌టాప్‌లో విండోస్ మీదే ప్రాక్టీస్ చేస్తున్నావు, లైనక్స్ కూడా నేర్చుకోవాలా, అసలు ఒరాకిల్ వాళ్లు తమ డేటాబేస్‌ను ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీద తయారు చేస్తారు అని.

నేర్చుకోవాల్సిందే తమ్ముడూ. నేను కూడా 2005లో సప్తగిరి సర్కిల్ దగ్గర ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఒరాకిల్ 9ఐ వెర్షన్ నేర్చుకున్నది విండోస్ ఎక్స్‌పీ మీదే. మూడు సీడీలు, 256 ఎంబీ ర్యామ్, ఇన్‌స్టాల్ పెట్టి కిందికి దిగి టీ తాగి వచ్చినా సగం కూడా అయ్యేది కాదు, ఈలోపు కరెంటు పోతే మళ్లీ మొదటి సీడీ. తీరా బెంగళూరులో ఉద్యోగం వచ్చాక చూస్తే అక్కడ అన్నీ సోలారిస్ (సన్ కంపెనీ ఆపరేటింగ్ సిస్టమ్) సర్వర్లే.

అప్పుడు మా సీనియర్ ఒకాయన చెప్తే అర్థమైంది. 1979లో అమ్మిన మొదటి ఒరాకిల్‌ను (దాని పేరు వెర్షన్ 2, వెర్షన్ 1 అంటే ఎవరూ కొనరని!) పీడీపీ-11 అనే పాత కంప్యూటర్‌కు మాత్రమే పనికొచ్చే అసెంబ్లీ భాషలో రాశారు. 1983లో వెర్షన్ 3ని సీ భాషలో తిరగరాశారు, అసలు మలుపు అదే, ఎందుకంటే అప్పట్నుంచి ఏ మెషీన్ మీదికైనా తీసుకెళ్లొచ్చు. వాళ్లు ముందుగా తయారు చేసింది 80లలో వాక్స్ అనే కంప్యూటర్ల మీద, 90లలో సన్ సోలారిస్ మీద. లైనక్స్‌కు 1998లోనే ఒరాకిల్ 8 ఇచ్చారు. కానీ 2005 నవంబరులో ఎక్స్64 (64 బిట్ ఇంటెల్, ఏఎండీ తరహా) మెషీన్లకు మేం ఇష్టపడే డెవలప్‌మెంట్ ప్లాట్‌ఫామ్ సోలారిస్ 10 అని ప్రకటించి, ఏడాది తిరక్కుండానే 2006 అక్టోబరులో లైనక్స్‌కు మేమే సపోర్ట్ ఇస్తాం అన్నారు. 2007లో 11జీ వెర్షన్ ముందుగా వచ్చింది లైనక్స్‌కే. 2010లో సన్ కంపెనీనే కొనేశారు కదా, ఇక సోలారిస్‌దే రాజ్యం అని నేను అందరితో పందెం కాశాను, ఓడిపోయాను. కస్టమర్లు చౌకైన ఇంటెల్ సర్వర్ల వైపు వెళ్తుంటే కంపెనీ కూడా వాళ్ల వెనకే వెళ్తుంది, అంతకు మించి ఇందులో ప్రేమాభిమానాలేం లేవు. 2019లో 19సీ అయితే ముందు వాళ్ల సొంత ఎక్సాడేటా మెషీన్‌కు, ఆ తర్వాత లైనక్స్‌కు వచ్చింది.

ఈ మార్పు నా నెత్తిన పడింది 2013లో. స్పార్క్ (సన్ వాళ్ల ప్రాసెసర్) మీద నడిచే సోలారిస్ సర్వర్ నుంచి ఇంటెల్ మీది లైనక్స్‌కు మారాలి, డేటా దాదాపు 400 జీబీ. నేనేమో తెలివిగా డేటాఫైళ్లు రాత్రంతా కాపీ చేసి, తెల్లారి డేటాబేస్ ఓపెన్ చేయబోతే ఒక్క ఫైలు కూడా తెరుచుకోలేదు. టెన్షన్‌తో చెమటలు పట్టాయి. స్పార్క్ బిగ్ ఎండియన్, ఇంటెల్ లిటిల్ ఎండియన్. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, కొన్ని ఫారాల్లో చివర అడుగుతారు చూడు, అలా ఒకే సంఖ్యలోని బైట్లను ఒకటి ముందు నుంచి, ఇంకొకటి వెనక నుంచి పేరుస్తుంది. వీ డాలర్ ట్రాన్స్‌పోర్టబుల్ ప్లాట్‌ఫామ్ అనే వ్యూలో (డేటాబేస్‌లోనే ఉండే పట్టిక లాంటిది) ఏ ప్లాట్‌ఫామ్ ఏ ఎండియనో రాసి ఉంటుంది, నేను అది చూడనే లేదు. చివరికి టేబుల్‌స్పేస్‌లను (డేటాఫైళ్ల గుంపులను) రీడ్ ఓన్లీ చేసి, ఆర్‌మ్యాన్ అనే ఒరాకిల్ బ్యాకప్ టూల్‌లోని కన్వర్ట్‌తో ఫైళ్లు మార్చి, మెటాడేటాను (టేబుళ్ల వివరాలను) డేటా పంప్ అనే ఇంకో ఒరాకిల్ టూల్‌తో తెచ్చుకున్నాను. 10జీ వెర్షన్ నుంచే ఉన్న సౌకర్యం అది.

ఎస్‌క్యూఎల్ (డేటాను అడిగే భాష), పీఎల్ ఎస్‌క్యూఎల్ (దాంతో ప్రోగ్రాములు రాసే ఒరాకిల్ భాష) వరకే అయితే విండోస్ చాలు. ప్యాచ్‌లు, బ్యాకప్, క్లస్టర్ (చాలా సర్వర్లు కలిసి ఒకే డేటాబేస్‌ను నడపడం) దాకా వెళ్లాలంటే ఇవాళే వర్చువల్ బాక్స్‌లో (విండోస్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచే సాఫ్ట్‌వేర్) ఒరాకిల్ లైనక్స్ వేసుకో, రెండూ ఉచితమే. ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 8 జీబీ ఉంటే ఇబ్బందిగా నడుస్తుంది, 16 ఉంటే హాయి. మొదటి వారం డేటాబేస్ జోలికే పోవద్దు, లైనక్స్‌లో ఫైళ్లు దిద్దే వీఐ ఎడిటర్‌లోంచి బయటికి రావడం నేర్చుకో చాలు.