రోబో మోకాలా, మామూలు ఆపరేషనా: మీ అమ్మ విషయంలో నా మాట

చిన్నా,

మీ అమ్మ మోకాలి మార్పిడికి నువ్వు పంపిన రెండు ఎస్టిమేట్లూ చూశాను. ఒక ఆసుపత్రి రోబోతో చేస్తామంటోంది, ఇంకోటి మామూలుగా చేస్తామంటోంది, మధ్యలో లక్ష పైచిలుకు తేడా. డబ్బు సంగతి వదిలెయ్ పెద్దమ్మా, అమ్మకు ఏది మంచిదో చెప్పు అన్నావు. ముప్పై ఏళ్లు ఎముకల వార్డులో ఫిజియోథెరపిస్టుగా చేశాను, మోకాలు మార్చినవాళ్లని మర్నాడు మంచం దింపి నడిపించింది నేనే, రిటైరయ్యే ముందు నాలుగేళ్లు మా దగ్గరకూ రోబో వచ్చింది. కాబట్టి రెండు రకాల కాళ్లూ ఈ చేతులతో వంచి చూశాను.

రోబో తనంతట తాను ఆపరేషన్ చేసేస్తుందని చాలామంది అనుకుంటున్నారు. మొన్న మీ అమ్మ కూడా ఫోన్లో "మిషన్ కోస్తుందంట కదక్కా, భయంగా ఉంది" అంది. మాకో అనే మిషన్ ఉంది, దానికి ముందు కాలికి సీటీ స్కాన్ తీసి ఎక్కడ ఎంత కోయాలో కంప్యూటర్లో ప్లాన్ వేసుకుంటారు, రంపం పట్టుకునేది సర్జనే, గీత దాటబోతే మిషన్ చెయ్యి అడ్డుకుంటుంది. రోసా అనే మిషన్ అయితే రంపానికి దారి చూపే కోత గైడుని సరైన చోట నిలబెడుతుంది, కోసేది డాక్టరే. క్యూవిస్ అనే ఇంకో మిషన్‌లో మాత్రం ప్లాన్ ప్రకారం ఎముకని మిషనే చెక్కుతుంది, డాక్టర్ పక్కనే ఉండి ఎప్పుడైనా ఆపగలడు. అందుకని రోబోటిక్ అనగానే ఊరుకోకు, ఏ మిషన్ అని అడుగు. మోకాలు తెరవడం, కీలుని పట్టి ఉంచే లిగమెంట్లు సరిచూడటం, సిమెంటుతో కొత్త కీలు కూర్చోబెట్టడం, కుట్లు వేయడం ఎక్కడైనా మనిషి చేతుల మీదే జరుగుతాయి.

మామూలు పద్ధతిలో తొడ ఎముక లోపలికి పొడుగాటి రాడ్ దించి, దాని ఆధారంగా జిగ్ అనే కోత గైడు బిగించి కోస్తారు. కాలి వరస మూడు డిగ్రీలకు మించి పక్కకి పోయే కేసులు రోబోతో తగ్గుతాయి, ఇది నిజం. ఆ కచ్చితత్వం వల్ల పదేళ్ల తర్వాత రోగి ఎక్కువ సుఖంగా నడుస్తున్నాడా అంటే, అంత గట్టి రుజువు ఇంకా లేదు. దక్షిణ కొరియాలో వెయ్యిమందికి పైగా రోగుల్ని రెండు గుంపులు చేసి సగటున 13 ఏళ్లు గమనించారు, 2020లో ఫలితాలు వచ్చాయి: నడకలో గానీ, కీలు మన్నికలో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అది పాత తరం రోబో, ఇప్పటివి మెరుగైనవే, వీటికి అన్నేళ్ల లెక్క రావాలంటే టైం పడుతుంది. చేత్తో చేసినవి ఎక్కువగా ఉన్న పాత లెక్కల్లోనే 100 మోకాళ్లలో 82 దాకా 25 ఏళ్లు మన్నాయని 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. కాబట్టి చేత్తో చేస్తే పాడవుతుందని ఎవరైనా భయపెడితే నమ్మకు.

ఇక మీ అమ్మ సంగతి. 2009లో స్కూటర్ మీంచి పడినప్పుడు కుడి తొడ ఎముకలో వేసిన రాడ్ ఇంకా లోపలే ఉంది. ఇప్పుడు మార్చాల్సింది అదే కాలి మోకాలు! రెండు ఎస్టిమేట్లలోనూ ఆ మాటే లేదు, నాకు టెన్షన్ పట్టుకుంది అక్కడే. రాడ్ ఉన్న ఎముకలోకి జిగ్ కోసం ఇంకో రాడ్ దించలేరు, పాతది తీయాలి, లేదా లోపలికి వెళ్లకుండా కోత కొలిచే దారి చూడాలి. ఇలాంటి కాలికి, విరిగి వంకర అతుక్కున్న ఎముకకి, బాగా దొడ్డికాళ్లు అయినవాళ్లకి రోబో నిజంగా పనికొస్తుంది. రోబో లేకపోయినా, ఎక్కడ ఎంత కోయాలో తెర మీద చూపే కంప్యూటర్ నావిగేషన్ ఉన్నా చాలు. నేనైతే ఈ కాలికి అటే మొగ్గుతాను. ఇదే ఎడమ కాలైతే, చెయ్యి తిరిగిన సర్జన్ దగ్గర మామూలుగానే చేయించెయ్ అనేదాన్ని.

అయితే రోబోకీ ఇబ్బందులున్నాయి. కాలు ఎక్కడుందో మిషన్‌కి తెలిపే గుర్తులు నిలపడానికి తొడ ఎముకలో, మోకాలి కింది ఎముకలో పిన్నులు దించుతారు, అరుదుగా అక్కడ ఎముక విరగడమో చీము పట్టడమో జరుగుతుంది. అమ్మకి రాడ్ ఉంది కదా, పిన్నులు ఎక్కడ వేస్తారో తప్పకుండా అడుగు. ఈ మిషన్ మీద ఇప్పటిదాకా ఎన్ని చేశారు, మధ్యలో మొరాయిస్తే చేత్తో పూర్తి చేస్తారా అనీ అడుగు. విసుక్కునే డాక్టరైతే ఇంకొకరిని చూద్దాం. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ల చేతుల్లో ఆపరేషన్ సమయం కూడా పెరుగుతుంది.

బిల్లులో లోపల పెట్టే కృత్రిమ కీలు ధర, రోబో చార్జీ విడివిడిగా రాయించుకో. ఈ మోకాలి కీళ్లకి 2017 ఆగస్టులో కేంద్రం గరిష్ఠ ధర పెట్టింది, కోబాల్ట్ క్రోమియం లోహంతో చేసిన మామూలు రకానికి అప్పట్లో జీఎస్టీ కాకుండా 54,720 రూపాయలు. రోబో చార్జీకి ఆ కట్టడి వర్తించదు. బీమా పాలసీలో రోబోటిక్‌కి విడిగా పరిమితి ఉందేమో కూడా చదువు, చాలావాటిలో ఉంటుంది.

షుగర్ అదుపులోకి రాకుండా తేదీ తీసుకోవద్దు. పంట్లో చీమున్నా, కాలి మీద పుండున్నా ముందు అవి మానాలి. ఆపరేషన్ అయ్యాక మోకాలి కింద దిండు పెట్టనివ్వకు, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నా. ఒకామెకి రోబోతోనే చేశారు, ఎక్స్‌రే చూస్తే ముచ్చటేసింది, ఆరు వారాలకి చూస్తే కాలు పూర్తిగా చాపలేకపోతోంది. నొప్పి తగ్గుతుందని రాత్రీ పగలూ దిండు పెట్టుకుందట. ఆ వంపు తీయడానికి మూడు నెలలు ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చినంత పనైంది. మీ అమ్మ వ్యాయామాల సంగతి నేను చూసుకుంటా, మొదటి నెల అక్కడే ఉంటాను.

2009 నాటి డిశ్చార్జ్ కాగితం మీ అమ్మ బీరువాలో చీరల కింద ఉంటుంది. ఆదివారం వెళ్లినప్పుడు తీసి ఫోటో పంపు. తుంటి నుంచి మడమ దాకా మొత్తం కాలు కనిపించే ఎక్స్‌రే తీయించి ఆ రెండూ పట్టుకుని ఇద్దరు డాక్టర్ల దగ్గరికీ మళ్లీ వెళ్దాం, నేనూ వస్తాను.

మీ పెద్దమ్మ