ఫార్మాట్ అయిపోయిన హార్డ్ డిస్క్‌లోంచి పాత ఫైళ్లు వస్తాయా?

షాపులో విండోస్ మళ్లీ వేశాక పాత ఫైళ్లన్నీ పోయాయి, ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి అని అడిగారు. ఏదీ కొనకండి. ముందు ఆ కంప్యూటర్ ఆపేయండి. ఈ జవాబు కూడా ఫోన్‌లోనే చదవండి.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా చిన్నాన్న కాశీనగర్‌లో ఉంటారు, తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. వంశధార పక్క ఊళ్లలో ముసలమ్మలు పాడే దంపుళ్ల పాటలు, పెళ్లిళ్లలో వియ్యపురాళ్లను ఏడిపించే పాటలు చిన్న రికార్డర్‌లో పట్టుకొచ్చి, కంప్యూటర్‌లోకి ఎక్కించి, మాటలు టైపు చేసుకునేవారు. తెలుగులోనే మధ్యమధ్య ఒడియా కలిసిపోయే పాటలు. మా వైపు తెలుగు ఎలా ఉంటుందో ఇటు భువనేశ్వర్‌కీ పట్టదు, అటు హైదరాబాద్‌కీ పట్టదు. పాడినవాళ్లలో చాలామంది పోయారు కూడా.

సిస్టమ్ స్లో అయిందని షాపుకిస్తే, అక్కడి కుర్రాడు ఒక్క మాట అడగకుండా సి, డి డ్రైవులు రెండూ లేపేసి, మొత్తం ఒకటే డ్రైవుగా చేసి, కొత్త విండోస్ వేసి ఇచ్చాడు. సాయంత్రం చిన్నాన్న ఫోన్. "డి డ్రైవు కనపడట్లేదురా. పాటలన్నీ పోయాయేటిరా?"

"చిన్నాన్నా, ఇంకేమీ నొక్కకండి. షట్‌డౌన్ కూడా వద్దు, ప్లగ్గు పీకేయండి" అన్నాను. మర్నాడు సీపీయూ డబ్బాను దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని గుణుపూర్ ప్యాసింజర్‌లో ఆయనే తెచ్చారు. రైల్లో పక్కాయన కింద పెట్టమన్నా పెట్టలేదట.

ప్లగ్గు ఎందుకు పీకమన్నానంటే, విండోస్ వేసేటప్పుడు మామూలుగా జరిగే క్విక్ ఫార్మాట్‌లో ఫైళ్లు చెరిగిపోవు. ఏ ఫైలు ఎక్కడుందో రాసుకున్న పట్టిక మాత్రమే కొత్తగా మొదలవుతుంది. హాజరు పట్టీ చింపేసినంత మాత్రాన పిల్లలు క్లాసులోంచి మాయమైపోరు కదా! కానీ విండోస్ ఆన్‌లో ఉంటే ఊరుకోదు. అప్‌డేట్లు దింపుకుంటుంది, ఏవేవో రాసుకుంటూ ఉంటుంది. పాత ఫైలున్న చోట కొత్తది పడిందంటే ఆ ముక్క ఇక రాదు. రికవరీ సాఫ్ట్‌వేర్‌ని అదే డిస్క్‌లో ఇన్‌స్టాల్ చేసేవాళ్లు తమ ఫైళ్లను తామే తొక్కేసుకుంటున్నారు.

డిస్క్ ఊడదీసి, కేబుల్‌తో లినక్స్ ఉన్న నా కంప్యూటర్‌కి తగిలించి, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో మొత్తం డిస్క్‌కి కాపీ తీశాను. అసలుది పక్కన పెట్టి, పనంతా ఆ కాపీ మీదే. టెస్ట్‌డిస్క్ అని ఒక ఉచిత ప్రోగ్రామ్ ఉంది, పోయిన పార్టిషన్లను, అంటే సి, డి లాంటి భాగాలను వెతుకుతుంది. కొత్త విండోస్ చాలావరకు డిస్క్ ముందు భాగంలో పడింది, చిన్నాన్న డి డ్రైవు వెనక భాగంలో ఉండేది. అందుకే అది దొరికింది. లిస్టు తెరిస్తే ఊళ్ల పేర్లతో ఫోల్డర్లు వరసగా కనపడ్డాయి. మొదటి పాట మోగగానే "ఇది మా అత్త గొంతురా!" అని చిన్నాన్న కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు.

టైపు చేసినవి మాత్రం డెస్క్‌టాప్ మీద ఉన్నాయి, అంటే సి డ్రైవులో. దాని మీదే కొత్త విండోస్ పడింది. వాటికి టెస్ట్‌డిస్క్‌తోనే వచ్చే ఫోటోరెక్ వాడాను. అది పట్టిక జోలికి పోదు, ఒక్కో రకం ఫైలు ఎలా మొదలవుతుందో చూసి పట్టుకుంటుంది. పేర్లు రావు, ఎఫ్ అక్షరం పక్కన అంకెలతో వందల ఫైళ్లు వచ్చిపడతాయి. కొన్ని విరిగిపోయి వచ్చాయి, కొన్ని రానేలేదు. వచ్చినవి తెరిస్తే పిచ్చి గీతలు! యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్‌లో టైపు చేసినవి, ఫార్మాట్‌తో ఆ ఫాంటూ పోయింది. అది వెతికి వేశాకే తెలుగు కనపడింది. ఇన్నేళ్లయినా ఆ ఫాంట్లను పట్టుకుని వేలాడేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. యూనికోడ్‌లో కొట్టి ఉంటే ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగేవాళ్లం.

అంతకంటే ఒళ్లు మండేది ఈ ఫార్మాట్ రోగం. ఫ్యాన్‌లో దుమ్ము పట్టినా ఫార్మాటే, డిస్క్ చావుకి దగ్గరపడినా ఫార్మాటే. మన చిన్న ఊళ్లలో డేటా పోయేది వైరస్‌ల వల్ల కాదు, చాలావరకు ఈ షాపుల్లోనే అని నా గట్టి నమ్మకం. "లోపల ఏముంది, కాపీ తీయాలా?" అని అడగడానికి నోరెందుకు రాదు?

ఇక మీ సంగతి. విండోస్ విస్టా నుంచి, క్విక్ కాకుండా ఫుల్ ఫార్మాట్ చేస్తే డిస్క్ మొత్తం సున్నాలు రాసేస్తుంది, ఆ తర్వాత ఏ ల్యాబ్‌కి పంపినా డబ్బు దండగ. 35 సార్లు చెరిపితే గానీ పోదనే మాట డేటా చెరపడం మీద పీటర్ గుట్‌మన్ 1996లో రాసిన పేపర్‌లోంచి వచ్చింది, అది ఆనాటి డిస్కుల ముచ్చట. ఇప్పటి హార్డ్ డిస్క్‌కి ఒక్కసారి చాలు. డిస్క్ టిక్ టిక్ మంటుంటే అసలు కరెంటే ఇవ్వకండి, అది సాఫ్ట్‌వేర్‌తో అయ్యే పని కాదు.

మీది ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్‌ల మీద దాచే డ్రైవు అయితే ఆశ తక్కువ. విండోస్ 7 నుంచి ట్రిమ్ అనే ఏర్పాటు ఉంది, ఫార్మాట్ చేయగానే ఆ జాగా అంతా ఖాళీ అని డ్రైవుకి చెప్పేస్తుంది, డ్రైవు నిజంగానే ఖాళీ చేసేస్తుంది. అప్పుడు డ్రైవుని వదిలేసి, పాత ఫోన్లు, మెమరీ కార్డులు, వాట్సాప్‌లో పంపినవి, మెయిల్‌లో సెంట్ ఫోల్డర్ వెతకండి. పెళ్లి ఫోటోలైతే తీసిన స్టూడియోవాళ్లను ఇవాళే అడగండి, వాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు డిస్క్ ఖాళీ చేసుకుంటారు.