పగటి కరెంటు చౌకేనా?

ప్రశ్న: మా తమ్ముడు చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. “అక్కా, సాయంత్రం ఆరు దాటినాక మోటరు, గ్రైండరు వేయొద్దు. పగలైతే కరెంటు చౌక” అంటాడు. మాకు పోయిన నెల 240 యూనిట్లు కాలింది. గీజరు, వాషింగ్ మెషిన్, మా అబ్బాయి కరెంటు బండి కూడా ఉన్నాయి. వేళ మారిస్తే బిల్లు తగ్గుతుందా సార్?
– ఒక గృహిణి, కొర్లగుంట, తిరుపతి

జవాబు: మీ తమ్ముడు చెప్పింది నిజమేనమ్మా, కాకపోతే అది ఫ్యాక్టరీ బిల్లు సంగతి. ఫ్యాక్టరీలకు ఇచ్చే హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్లకు ఏ వేళలో ఎంత కాలిందో మీటరు విడివిడిగా రాసుకుంటుంది. సాయంత్రం పీక్‌లో, అంటే అందరూ ఒకేసారి కరెంటు వాడే వేళలో, రేటు ఎక్కువ. అందుకే కోల్డ్ రూమును పగలే బాగా చల్లబరిచి, చీకటి పడ్డాక కంప్రెసరుకు పని తగ్గించేవాళ్లున్నారు.

మీది శ్లాబుల బిల్లు. ఒంటిగంటకు కాల్చినా, రాత్రి ఏడింటికి కాల్చినా యూనిట్టు యూనిట్టే. కేంద్రం 2023లో సవరించిన నిబంధనల్లో మాత్రం స్మార్ట్ మీటరున్న ఇళ్లకూ వేళ రేట్లు ఉండాలని, ఎండ కాసే గంటల్లో కనీసం 20 శాతం తగ్గాలని ఉంది. మీ బిల్లులో ‘టీఓడీ’ (టైమ్ ఆఫ్ డే, అంటే వేళను బట్టి రేటు) అన్న వరుస కనిపించిన రోజు తమ్ముడి మాట మీకూ పనికొస్తుంది.

అంతవరకూ మీ డబ్బులు ఉన్నది గీజరులో. 225 యూనిట్లు దాటాక కాలే ఒక్కో యూనిట్టు 8.75 రూపాయలు. మీరు దాటింది 15 యూనిట్లు. రెండు వేల వాట్ల గీజరు రోజూ పావుగంట తక్కువ వేస్తే అర యూనిట్టు, నెలకు సరిగ్గా ఆ 15. నూట ముప్పై రూపాయలు మిగిలినట్టే. గీజరును మధ్యాహ్నానికి మార్చాలని మాత్రం చూడకండి, తెల్లారేసరికి నీళ్లు చల్లారిపోతాయి.

అయితే వేళ మారిస్తే బిల్లు తగ్గకపోయినా పొగ తగ్గుతుంది. మధ్యాహ్నం కర్నూలు, అనంతపురం వైపు సోలార్ పార్కులు నిండుగా ఇస్తుంటాయి. పొద్దు గుంకే వేళకు అవి పడిపోతాయి, సరిగ్గా అప్పుడే ఇళ్లలో లైట్లు, టీవీలు, ఏసీలు మొదలు. ఆ లోటు పూడ్చడానికి ముద్దనూరు లాంటి చోట్ల ఉన్న థర్మల్ కేంద్రాల్లో బొగ్గు ఎక్కువ మండించాలి. మన గ్రిడ్డులో సగటున ఒక్క యూనిట్టుకు సుమారు 0.7 కిలో కార్బన్ డయాక్సైడ్ పోతుంది.

సబ్‌స్టేషన్లో డ్యూటీ చేసిన రోజుల్లో సాయంత్రం ఏడింటికి ఆంపియర్ల ముల్లు ఎట్లా లేస్తుందో రోజూ చూసేవాణ్ణి. చూసి కూడా ఇంటికొచ్చి ఆ వేళకే మోటరు వేసేవాణ్ణి! ఓల్టేజి చాలక అది గుర్రుమని మూలిగేది, మిద్దె మీద ట్యాంకులోకి నీళ్లు సన్నగా ఎక్కేవి. ఒకరోజు వైండింగే కాలిపోయింది. అప్పటినుంచి మా ఇంట్లో పన్నెండుకు మోటరు, భోజనాలయ్యాక గ్రైండరు. రాత్రి పులవాల్సిన పిండికి నాలుగింటికి రుబ్బినా చాలు. ఉతుకుడూ, ఇస్త్రీ కూడా పగలే.

ఇక బండి. అబ్బాయి పనినుంచి రాగానే ఛార్జింగుకు పెడతాడేమో, రాత్రి పదకొండు తర్వాత పెట్టమనండి. రాత్రి కూడా బొగ్గు కరెంటే ఎక్కువ కాబట్టి పొగ పెద్దగా తగ్గదు, పీక్ మీద బరువు తగ్గుతుంది. ఆదివారం మధ్యాహ్నం బండి ఎటూ ఇంటి ముందే ఉంటుంది కదా, అప్పుడు నిండా ఎక్కించుకోమనండి.