తుక్కుతో బుల్లి భవనాలు: కొత్తగా రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మోడల్ రైల్వే స్టేషన్‌కి రేకుల కప్పు, వాన నీటి గొట్టాలు, కిటికీ చువ్వలు అన్నీ పారేసే సామానుతోనే చేశావు. నీ చెయ్యి మంచిది. కానీ చదవడం అయ్యాక ఒక ప్రశ్న మిగిలిపోయింది. ఇవి చేసి ఎన్నాళ్లయింది? ఆ మాట వ్యాసంలో ఎక్కడా లేదు.

చేసిన రోజు ఏదైనా బాగానే ఉంటుంది. నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో, అట్టతో ప్లాట్‌ఫాం చూరు చేసుకోవడం ఎలాగో ఒక వ్యాసం రాశాను. చూరు చేసింది ఆ వారంలోనే. కనిపించే వైపు మాత్రమే రంగు వేశాను, అలాగే వేయమని రాశాను. నాలుగు నెలలకి అది విల్లులా వంగిపోయింది. రంగు లేని వైపు గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బింది. నన్ను నమ్మి చేసినవాళ్ల దగ్గర్నుంచి ఉత్తరాలు వచ్చాయి. అట్టకి రెండు వైపులా, అంచులకి కూడా వార్నిష్ పట్టించండి అని ఒక్క వాక్యం రాసి ఉంటే వాళ్ల శ్రమ దక్కేది. ఆ బాధ నాకింకా పోలేదు. అప్పటి నుంచి, ఒక ఏడాదైనా నా బల్ల మీద నిలవని వస్తువు గురించి నేను రాయలేదు.

నువ్వు ‘ఏదైనా ప్లాస్టిక్ డబ్బా కత్తిరించుకోండి’ అన్నావు. చదివేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. డబ్బా అడుగున త్రికోణం గుర్తులో ఒక అంకె ఉంటుంది. 6 ఉంటే పాలీస్టైరీన్, మోడల్ కిట్లకి వాడే ప్లాస్టిక్ సిమెంట్ అనే జిగురు దాన్ని కరిగించి ఒకే ముక్కలా కలిపేస్తుంది. 5 పాలీప్రొపిలీన్, 2, 4 పాలిథీన్ రకాలు. వీటికి మామూలు జిగురు పట్టదు, రంగు కొన్నాళ్లకి పొరలా లేచి వస్తుంది. నువ్వు వాడినదాని మీద ఏ అంకె ఉందో చూసి రాయి. థర్మాకోల్ కూడా పాలీస్టైరీనే, కానీ ప్లాస్టిక్ సిమెంట్ తగిలితే గుంటలు పడి కరిగిపోతుంది. దానికి తెల్ల జిగురు చాలు.

రేకుల కప్పు గురించి ‘అల్యూమినియం ఫాయిల్ మీద గీతలు గీయండి’ అని ఒక్క ముక్కలో దాటేశావు. నీ వ్యాసంలో అసలు సరుకు అదే, అక్కడ ఇంకాస్త ఆగాలి. నేను చేసే పద్ధతి చెప్తాను. పార్సిల్ భోజనం వచ్చే అల్యూమినియం డబ్బా రేకు తీసుకుంటాను. ఇంట్లో వాడే ఫాయిల్ కంటే అది మందం. కింద నాలుగు మడతల గుడ్డ వేసి, రేకు పరిచి, దాని మీద ఎం5 బోల్టుని, అంటే 5 మిల్లీమీటర్ల లావుదాన్ని, గట్టిగా అదుముతూ దొర్లిస్తాను. ఆ బోల్టు మరల మధ్య దూరం 0.8 మిల్లీమీటర్లు. హెచ్‌ఓ స్కేలు 1:87, అంటే మన మోడల్ అసలుదానిలో 87వ వంతు, కాబట్టి అసలు కప్పు మీద అది దాదాపు 70 మిల్లీమీటర్లవుతుంది, నిజం రేకుల మీద సాధారణంగా ఉండే 76కి బాగా దగ్గర. మరలు ఏటవాలుగా ఉంటాయి కనుక గాడులు కూడా మూడు డిగ్రీల వరకు పక్కకి వాలుతాయి. రేకు అంచు చూసి కాకుండా గాడి వెంట కొలిచి కత్తిరించాలి. తర్వాత తిరగేసి, వెనక గాడుల్లో ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు) పూసి ఆరనిస్తాను. ఇది చెయ్యకపోతే దుమ్ము తుడిచిన మొదటిసారే వేలు తగిలి కప్పు సొట్టపోతుంది. ఎపాక్సీ సంగతి నీ వ్యాసంలో లేదు. నీ కప్పుని ఇంకా ఎవరూ తుడవలేదని నాకు అర్థమైంది.

గొట్టాలకి కరెంటు వైరులోని రాగి తీగ వాడావు, మంచి ఎంపిక. అయితే కొలత చెప్పు. 1 చదరపు మిల్లీమీటరు వైరులో ఒకే తీగ ఉండే రకం తీసుకుంటే దాని లావు 1.13 మిల్లీమీటర్లు. మన స్కేల్లో 98 మిల్లీమీటర్ల గొట్టం, అంటే సరిగ్గా కావాల్సినంత. ఒక కొస వైస్‌లో బిగించి, రెండో కొస ప్లయర్స్‌తో పట్టుకుని మెల్లగా లాగితే, కొద్దిగా సాగినట్టు చేతికి తెలుస్తుంది. వదిలేసరికి తీగ నిటారుగా ఉంటుంది. దాన్ని గోడకి ఊరికే అతికించకు. పైన, కింద గోడకి సన్నని రంధ్రాలు పెట్టి, తీగ కొసలు లోపలికి వంచి దూర్చి, లోపలి నుంచి జిగురు వెయ్యి. పైపైన అతికించినది చొక్కా చెయ్యి తగిలితే ఊడిపోతుంది. గోడలోకి దిగినది మహా అయితే వంగుతుంది, మళ్లీ సరిచేసుకోవచ్చు.

కిటికీల దగ్గర సూపర్ గ్లూ వద్దని తప్పకుండా రాయి. దాని ఆవిరి పారదర్శక ప్లాస్టిక్ మీద తెల్లటి మసకలా పేరుకుంటుంది. ఎంత తుడిచినా పూర్తిగా పోదు.

ఇక రాతలో ఒక మార్పు. ఈ హాబీ ఎంత గొప్పదో చెప్పే మొదటి మూడు పేరాలు తీసెయ్యి. చదివేవాళ్లు ఆ ఇష్టంతోనే వస్తారు. ఆ జాగాలో నీ దగ్గర విరిగినవి, ఊడినవి రాయి. చువ్వలు రెండుసార్లు పాడయ్యాయని ఉత్తరంలో నాకు చెప్పావు కదా, వ్యాసంలో ఎందుకు దాచావు? ఎందుకు పాడయ్యాయో, మూడోసారి ఏం మార్చావో, నాకు రాసినట్టే అక్కడా రాయి. ‘చిన్న ముక్క’, ‘కొంచెం జిగురు’ అన్న ప్రతి చోటా అంకె పెట్టు. అర మిల్లీమీటరు తేడా వచ్చినా మన స్కేల్లో కిటికీ చువ్వ 43 మిల్లీమీటర్లు లావెక్కిపోతుంది.

ఆ స్టేషన్ అడుగున ఇవాళ్టి తేదీ పెన్సిల్‌తో రాసిపెట్టు. ఎండ నేరుగా పడే చోట కాకుండా, రోజూ చెయ్యి తగిలే చోటే ఉంచు. ఆర్నెల్ల తర్వాత కప్పు మూల ఫొటో ఒకటి, పక్కన స్కేలు పెట్టి తీసి పంపించు. వ్యాసం అప్పుడు కలిసి చూద్దాం.

ఆశీస్సులతో.